బాలిన్ లోయలో ఒక నూలుమిల్లు



ఇంగ్లండులో మాంచెస్టర్ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో స్టయల్ అనే చిన్న ఊరుంది. ఊరి పక్కన లోతైన లోయ, లోయ అడుగున బాలిన్ అనే నది. నది ఒడ్డున ఎర్ర ఇటుకలతో కట్టిన పాత నూలుమిల్లు. ఆరుబయట నిలబడితే నెత్తిమీద విమానాల హోరు. మిల్లు తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఆ హోరును మింగేసే మరో హోరు వినిపిస్తుంది. మరమగ్గాల మీద నాడెలు అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు అది. నడుస్తున్నవి కొద్ది మగ్గాలే అయినా పక్కనున్న మనిషి మాట చెవికి ఆనదు. ఒకప్పుడు ఇలాంటి మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళు పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నారు. వందల మగ్గాలు ఒక్కసారి ఆడిన రోజుల్లో వాళ్ళ చెవులు ఏమైపోయి ఉంటాయో ఆ గదిలో రెండు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

ఈ మిల్లు పేరు క్వారీ బ్యాంక్. 1784లో మొదలై 1959 దాకా నడిచింది. ఇప్పుడు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది. బ్రిటన్‌లో పాత మిల్లులు ఇంకా చాలానే ఉన్నాయి. కొన్ని అపార్టుమెంట్లయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి, కొన్నిటిలో పొగగొట్టం మాత్రం మిగిలింది. క్వారీ బ్యాంకులో మిల్లుతోపాటు యజమాని ఇల్లు, ఆయన తోట, పనిపిల్లలు పడుకున్న ఇల్లు, కార్మికుల ఇళ్ళ వరుసలు, బడి, ప్రార్థనామందిరం, వీటన్నిటినీ చుట్టుకున్న అడవి కూడా మిగిలాయి. యజమాని కుటుంబం కాగితాలు మాంచెస్టర్ సెంట్రల్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఒక్క మిల్లే మిగిలి ఉంటే అది యంత్రాల కథే చెప్పేది. ఒక్క బంగళాయే మిగిలి ఉంటే అది దొరల వైభవమే చెప్పేది. అన్నీ పక్కపక్కన ఉండడంతో ఒకటి దాచిన మాటను ఇంకొకటి బయటపెడుతుంది. ఈ చోటును ఇంత పట్టుదలగా కాపాడడానికి తగిన కారణం అదే.

మిల్లు కట్టించినవాడు శామ్యూల్ గ్రెగ్. ఆయన 1758లో ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పుట్టాడు. చిన్నప్పుడే మాంచెస్టర్‌లోని మేనమామల దగ్గరికి పెంపకానికి వచ్చాడు. మేనమామలు హైడ్ సోదరులు బట్టల వ్యాపారులు. వాళ్ళ వ్యాపారం చివరికి మేనల్లుడి చేతికి వచ్చింది. అప్పటికి నూలు వడికే తీరు మారిపోతోంది. రిచర్డ్ ఆర్క్‌రైట్ కనిపెట్టిన వడుకు యంత్రం నీటి బలంతో తిరిగేది. దాని మీద ఆయనకున్న పేటెంటు హక్కు 1783లో ముగిసింది. మరుసటి ఏడాదే గ్రెగ్ బాలిన్ ఒడ్డున పునాది వేశాడు. లోయ ఇరుకుగా ఉంది, నది వాలుగా పారుతోంది, మాంచెస్టర్ పది పన్నెండు మైళ్ళలోనే ఉంది. మిల్లుకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

అయితే ఇంగ్లండు జనానికి నూలుబట్ట మీద మోజు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కథలో మన తీరం కూడా ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లోనే మచిలీపట్నం చేరింది. అక్కడి అద్దకం బట్టలు, కలంకారీలు లండన్ ఇళ్ళలో పరదాలయ్యాయి, పరుపుల మీద దుప్పట్లయ్యాయి, ఆడవాళ్ళ గౌన్లయ్యాయి. ఇంగ్లండు ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి ఆ బట్టల దిగుమతినీ వాడకాన్నీ అడ్డుకుంది. 1774లో ఇంగ్లండులో తయారైన నూలుబట్టకు ఆ అడ్డు తొలగించారు. సరిగ్గా పదేళ్ళకు క్వారీ బ్యాంక్ లేచింది.

మన నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. అక్కడ కంపెనీవాళ్ళకు బట్టల కొఠీ ఉండేది. ఆ ఊరి పేరు ఇంగ్లీషువాళ్ళ నోట ‘మడపోలం’ అయింది. అక్కడి నుంచి వెళ్ళిన మెత్తని తెల్లని నూలుబట్టకు అదే పేరు స్థిరపడింది. కొన్నేళ్ళకు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు తామే ‘మడపోలం’ నేసి దేశదేశాలకు అమ్మాయి. గోదావరి ఒడ్డున పుట్టిన పేరు, పరాయి మరమగ్గం మీద నేసిన బట్ట! ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట ఇప్పటికీ ఉంది. ఆ పేరు మోసే బట్టను చేతిమగ్గం మీద నేసిన కుటుంబాల పేర్లు మాత్రం ఏ నిఘంటువులోనూ లేవు.

మళ్ళీ బాలిన్ లోయకు వద్దాం. 1796లో పీటర్ యూవార్ట్ అనే ఇంజనీరు గ్రెగ్‌తో భాగస్వామిగా చేరాడు. మిల్లు పొడవు రెట్టింపయింది, పైన ఇంకో అంతస్తు లేచింది. వేసవిలో నది సన్నబడితే చక్రం ఆగిపోయేది. అందుకని 1810లో బోల్టన్ అండ్ వాట్ కంపెనీ ఆవిరియంత్రాన్ని తోడు తెచ్చారు. 1818లో థామస్ హ్యూస్ రూపకల్పన చేసిన పెద్ద నీటిచక్రం వచ్చింది. దాని అడ్డుకొలత 32 అడుగులు, వెడల్పు 21 అడుగులు, బలం దాదాపు 100 గుర్రాలది. చక్రం కోసం నది మట్టానికి దిగువకు గుంత తవ్వారు. నీరు ఎంత ఎత్తు నుంచి పడితే అంత బలం కదా. పని ముగిసిన నీరు భూమి అడుగున సొరంగంలో సాగి దిగువన మళ్ళీ నదిలో కలిసేది. ఆ చక్రం 1904 దాకా తిరిగింది. తరువాత టర్బైన్లు వచ్చాయి, చక్రం తుక్కయిపోయింది.

గ్రెగ్‌కు అందరికన్నా పెద్ద చిక్కు మనుషులు. యంత్రాలు కొనవచ్చు, నది ఉచితం. కానీ ఆ ఏకాంతపు లోయలోకి పనికి వచ్చేదెవరు? ఆయన వెతుక్కున్న జవాబు 1790లో కట్టించిన అప్రెంటిస్ హౌస్. మిల్లుకు కాస్త ఎగువన, వాలు మీద, తెల్లటి గోడలతో ఉన్న ఇల్లది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. అందులో ఒక దశలో 90 మంది దాకా పిల్లలు ఉండేవారు. ఎక్కువమంది అనాథశరణాలయాల నుంచి, పేదల వర్క్‌హౌసుల నుంచి వచ్చినవాళ్ళు. తొమ్మిది పదేళ్ళ వయసు నుంచే ఒప్పందపు కాగితం మీద ఏళ్ళ తరబడి మిల్లుకు కట్టుబడి ఉండేవారు. రోజుకు పన్నెండు గంటల పని. తిండి, బట్ట, పడక తప్ప చేతికి వచ్చే కూలి లేదన్నమాటే. తెగిన పోగులు అతకడం, తిరుగుతున్న యంత్రాల కింద దూరి రాలిన దూది ఏరడం వాళ్ళ పని. చిన్న వేళ్ళు, చిన్న ఒళ్ళు. వాళ్ళను తెచ్చుకున్నదే అందుకు.

1806లో ఇద్దరు కుర్రవాళ్ళు అక్కడి నుంచి పారిపోయారు. ఒకడు జోసెఫ్ సెఫ్టన్, ఇంకొకడు థామస్ ప్రీస్ట్‌లీ. ఇద్దరూ లండన్‌లోని హాక్నీ వర్క్‌హౌసు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు లండన్ దాకా వెళ్ళారు. పట్టుబడ్డాక న్యాయాధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది. తిండి ఏ రోజు ఏమి పెట్టారో వరుసగా చెప్పారు. ఆదివారం ఉడికించిన పందిమాంసం, బంగాళాదుంపలు; మిగతా రోజుల్లో పాలూ రొట్టే, జావ, అప్పుడప్పుడు ఉప్పుమాంసం. కడుపునిండా పెట్టేవారనీ, యజమాని మీద ఫిర్యాదు లేదనీ సెఫ్టన్ చెప్పాడు. మరి ఎందుకు పారిపోయారు? అమ్మను చూడాలనిపించింది. ప్రీస్ట్‌లీకి పదమూడేళ్ళు. యంత్రం చక్రంలో చిక్కుకుని వాడి ఎడమచేతి చూపుడువేలు తెగిపోయింది. మిల్లు డాక్టరు కట్టు కట్టాడు, ఆరు వారాల్లో మానింది. తల్లిని చూసిరావాలన్న తలపు ఆ సమయంలోనే పుట్టిందని వాడి మాట.

ఈ వాంగ్మూలాన్ని పక్కన పెట్టుకుని అప్రెంటిస్ హౌస్ గదులు చూసినవాళ్ళకు శామ్యూల్ గ్రెగ్ మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ఆ కాలపు మిల్లు యజమానుల్లో ఆయన మెరుగైనవాడే. ఆ పిల్లలకు డాక్టరును పెట్టించాడు. ఆయన పేరు పీటర్ హాలండ్. నవలారచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్‌కు మేనమామ. గ్రెగ్ భార్య హన్నా లివర్‌పూల్ నుంచి వచ్చిన చదువుకున్న మనిషి, పదముగ్గురు బిడ్డల తల్లి. ఆ కుటుంబంవాళ్ళు పని ముగిశాక పిల్లలకు చదువు చెప్పేవారు. అయినా తొమ్మిదేళ్ళ బిడ్డ పన్నెండు గంటలు పనిచేసి వచ్చి ఏ కళ్ళతో అక్షరం చూస్తుంది? 1836లో ఎస్తర్ ప్రైస్ అనే అమ్మాయి పారిపోయి తిరిగి వస్తే గదిలో పెట్టి తాళం వేశారు. మెరుగైన యజమాని మిల్లులోనే పరిస్థితి ఇలా ఉంటే మిగతా మిల్లుల సంగతి ఊహించుకోవలసిందే. పిల్లలను కట్టుబడికి తెచ్చుకునే ఈ పద్ధతి క్వారీ బ్యాంకులో 1847లో ఆగింది.

మిల్లు పెరిగేకొద్దీ కుటుంబాలు కూడా పనికి రావడం మొదలైంది. వాళ్ళకోసం 1820లలో ఊళ్ళో ఇటుకల ఇళ్ళ వరుసలు లేచాయి. ఒక ముందుగది, వంటగది, పైన రెండు పడకగదులు, వెనక మరుగుదొడ్డి, కూరగాయలకు చిన్న పెరడు. మాంచెస్టర్ నేలమాళిగల్లో కుటుంబాలు కుక్కుకుని బతుకుతున్న రోజుల్లో ఇది నిజంగా మంచి ఇల్లే. ప్రార్థనామందిరం, బడి, దుకాణం వచ్చాయి. అంతా గ్రెగ్‌దే: పని, ఇల్లు, బడి, వారం సరుకులు కూడా. పని పోతే ఇల్లూ పోయినట్టే. ఆ ఇళ్ళలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. పెరళ్ళలో బట్టలు ఆరేసుకుంటారు, పూలమొక్కలకు నీళ్ళు పోసుకుంటారు. స్టయల్‌లో అన్నిటికన్నా సంతోషం కలిగించే సంగతి ఇదే.

యజమాని ఇల్లు మిల్లుకు ఎంత దగ్గరగా ఉందంటే, కిటికీ తెరిస్తే మిల్లు చప్పుడు భోజనాల బల్ల దాకా వచ్చి ఉంటుంది. ఇంటి ముందు నది వాలులో తోట, పైన గోడకట్టిన కూరగాయల తోట, దానిలో ఒంపు తిరిగిన ఇనుప చట్రాల అద్దాలమందిరం. చలిదేశంలో ద్రాక్ష, ఇతర వెచ్చటి దేశాల పళ్ళు పండించడానికి కట్టించారు దాన్ని. పెద్ద కొడుకుల్లో ఒకడైన రాబర్ట్ హైడ్ గ్రెగ్ తరువాత ఎగువన నార్‌క్లిఫ్ హాల్ అనే మరింత పెద్ద భవంతి కట్టుకున్నాడు. మరమగ్గాలు పెట్టించిందీ ఆయన హయాంలోనే. పనిగంటలు తగ్గించాలన్న ఉద్యమం లేచినప్పుడు 1837లో దానికి ఎదురుగా ‘ది ఫ్యాక్టరీ క్వెశ్చన్’ అనే పుస్తకం రాశాడు. తరువాత మాంచెస్టర్ తరఫున పార్లమెంటు సభ్యుడయ్యాడు. చెట్లంటే ప్రాణం పెట్టే మనిషి, పనివాళ్ళ గంటల దగ్గర మాత్రం మెత్తబడలేదు.

గ్రెగ్ కుటుంబం డబ్బంతా బాలిన్ నీటి నుంచే రాలేదు. కరీబియన్ సముద్రంలోని డొమినికా దీవిలో హిల్స్‌బరో అనే చెరకుతోట శామ్యూల్ గ్రెగ్‌కు వారసత్వంగా వచ్చింది. అక్కడ పనిచేసినవాళ్ళు ఆఫ్రికా సంతతి బానిసలు. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసినప్పుడు నష్టపరిహారం యజమానులకు ఇచ్చారు, బానిసలకు కాదు. గ్రెగ్ కుటుంబానికీ ఆ పరిహారం అందింది. మిల్లులో వడికిన పత్తిలో ఎక్కువ భాగం కూడా అట్లాంటిక్ ఆవల బానిసల చేతులు ఏరినదే. నేషనల్ ట్రస్టు 2020 సెప్టెంబరులో తన చేతిలోని 93 చోట్లకు వలసపాలనతో, బానిసత్వంతో ఉన్న సంబంధాలను ఒక నివేదికగా ప్రచురించింది. అందులో క్వారీ బ్యాంక్ ఉంది. ఆ నివేదిక మీద బ్రిటన్‌లో పెద్ద రగడే జరిగింది. చారిత్రక కట్టడానికి వెళ్ళేది హాయిగా టీ తాగి రావడానికి, ఇవన్నీ ఎందుకు తవ్వుతారని కొందరు కోపగించుకున్నారు. ట్రస్టు చేసింది సరైన పని. ఇటుకలను కాపాడి ఆ ఇటుకలకు డబ్బు ఎక్కడిదో దాచిపెడితే, కాపాడినది సగమే.

ఇక అడవి. లోయ వాలుల్లో సహజంగా ఉన్న చెట్ల మధ్య గ్రెగ్ కుటుంబం తరతరాలుగా మరెన్నో నాటించింది. దూరదేశాల దేవదారు జాతులు, గుత్తులుగా పూసే రోడోడెండ్రాన్ పొదలు తెప్పించింది. కాలిబాటలు వేసింది, వాగుల మీద వంతెనలు కట్టించింది. మనుషులు పెంచిన అడవి కాబట్టి మనుషుల కాపుదల ఎప్పుడూ కావలసిందే. రోడోడెండ్రాన్‌ను వదిలేస్తే అది కింద నేలంతా కమ్మేసి చిన్న మొక్కలకు ఎండ తగలనివ్వదు. ముసలి చెట్టు బాట మీదికి ఒరిగితే కొట్టాలా, కట్టాలా అని తేల్చుకోవాలి. కొత్తగా ఏ మొక్క నాటాలో చూసుకోవాలి. మిల్లుకు ఇంజనీరు ఎంత అవసరమో ఈ అడవికి వనపాలకుడు అంత అవసరం.

అడవి పక్కనే మాంచెస్టర్ నగరం పెరుగుతూ వచ్చింది. 1920లలో నగరపాలకులు పొరుగున ఉన్న వైథెన్‌షా నేలలు కొని ఇళ్ళు కట్టించడం మొదలుపెట్టారు. 1938లో రింగ్‌వే విమానాశ్రయం తెరిచారు. మరుసటి ఏడాది, 1939లో, వంశంలో మిల్లుకు చివరి వారసుడైన అలెక్ గ్రెగ్ మిల్లునూ ఊరినీ చుట్టూ ఉన్న నేలనూ నేషనల్ ట్రస్టుకు దానంగా ఇచ్చేశాడు. అప్పటికి మిల్లు ఇంకా నడుస్తూనే ఉంది. 1895లో ఏర్పడిన ట్రస్టుకు 1907 నాటి చట్టం ఒక గట్టి హక్కు ఇచ్చింది. ఏదైనా ఆస్తి విడదీయరానిదని ట్రస్టు ఒకసారి ప్రకటిస్తే పార్లమెంటు ఒప్పుకోనిదే ఎవరూ దాన్ని లాక్కోలేరు. ఆ దానం జరగకపోయి ఉంటే ఆ నేల మీద ఇవాళ ఏముండేదో చెప్పడానికి జోస్యం అవసరం లేదు. చుట్టుపక్కల ఊళ్ళు చూస్తే చాలు.

ప్రమాదం అంతటితో తీరలేదు. 1997లో విమానాశ్రయానికి రెండో రన్‌వే వేయడానికి అనుమతి వచ్చింది. అది అదే బాలిన్ లోయకు అడ్డంగా వస్తుంది. చెట్లెక్కి కొమ్మల మీద గూళ్ళు కట్టుకున్నవాళ్ళు, నేలలో సొరంగాలు తవ్వుకుని అందులో పడుకున్నవాళ్ళు నెలల తరబడి అడ్డుపడ్డారు. చివరికి వాళ్ళను దించారు, బయటికి లాగారు. 2001లో రన్‌వే తెరుచుకుంది. బాలిన్ నది ఇప్పుడు ఆ రన్‌వే కింద సొరంగంలో పారుతుంది. దానికి కాస్త ఎగువన ట్రస్టు అడవిలో మాత్రం ఎప్పటిలా ఎండలోనే పారుతోంది. రెండిటి మధ్యా నడక దూరమే.

నేల దక్కినా, చోటు మొత్తం ఒక చేతికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1959లో పని ఆగాక మిల్లు కట్టడం ఊరికే పడి ఉంది. 1970లలో దాన్ని మ్యూజియం చేయడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. చుట్టుపక్కల మూతపడుతున్న మిల్లుల నుంచి వడుకు యంత్రాలు, మగ్గాలు ఏరి తెచ్చారు. తుక్కయిన పెద్దచక్రం స్థానంలో యార్క్‌షైర్‌లోని గ్లాస్‌హౌసెస్ మిల్లు నుంచి ఇంకో పాత చక్రాన్ని తెచ్చి 1980లలో బిగించారు. దాన్ని రూపొందించిన విలియం ఫెయిర్‌బెయిర్న్ ఒకప్పుడు థామస్ హ్యూస్ దగ్గరే పనిచేసినవాడు. గురువు చక్రం తిరిగిన గుంతలో శిష్యుడి చక్రం తిరుగుతోంది. చేతిపని తెలిసినవాళ్ళకు ఇది ఎంత సంబరమో వేరే చెప్పాలా!

యజమాని ఇల్లు మాత్రం పరాయివాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ట్రస్టు దాన్ని 2006లో కొన్నది. తోట రెండేళ్ళ తరువాత జనానికి తెరుచుకుంది. ఆ పైన గోడతోట, అద్దాలమందిరం దక్కాయి. అద్దాలు పగిలి, ఇనుప చట్రం తుప్పుపట్టిన ఆ మందిరాన్ని మళ్ళీ నిలబెట్టారు. కార్మికుల ఇళ్ళలో ఒకదాన్ని కూడా లోపలికి వెళ్ళి చూసేలా సిద్ధం చేశారు. వీటన్నిటినీ కలిపిన పెద్ద పథకానికి 94 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. అందులో కొంత జాతీయ లాటరీ నిధి నుంచి, కొంత దాతల నుంచి వచ్చింది. పథకం 2018లో పూర్తయింది. 1939లో ఇచ్చిన దానం దాదాపు 80 ఏళ్ళకు పూర్తయిందన్నమాట.

మాంచెస్టర్‌లో చదువుకునే తెలుగు విద్యార్థులూ, అక్కడి ఆస్పత్రుల్లో, కంపెనీల్లో ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలూ చాలామందే ఉన్నారు. సెలవులకు పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలూ ఉన్నారు. విమానం దిగేది ఈ లోయ పక్కనే. ఒక పూట తీరిక చేసుకుని స్టయల్ వెళ్ళండి. ముందు మిల్లుకు వెళ్ళకండి. గైడు వెంట అప్రెంటిస్ హౌస్ చూడండి. అక్కడి నుంచి పిల్లలు రోజూ దిగిన వాలులో మిల్లుకు నడవండి, ఆ తరువాత యజమాని తోటకు, చివర అడవికి. మిల్లులో మగ్గం మీద సాగే తెల్లటి నూలుబట్ట దగ్గర ఆగి, మీ వెంట ఉన్న మనవలకు మాధవాయిపాలెం పేరు చెప్పండి.